మూడో వరసలో అత్తగారు

"మా అమ్మని పిలవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా, లేదా?"

తెర లేవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. మూడో వరసలో కొత్త టోపీ పెట్టుకుని కూర్చున్న తల్లి ఎడిత్‌ని చూసి థెల్మా మొగుణ్ణి నిలదీసింది.

"రైలెక్కి వచ్చేసింది. ఏం చెయ్యను?" అన్నాడు క్లెమెంట్. ఇంగ్లండంతా పేరున్న నాటక రచయిత, పెళ్ళాం ముందు మాత్రం నీళ్ళు నములుతాడు.

"ఆ చాదస్తపు ముసలమ్మ పాత్రలో అమ్మని అచ్చుగుద్దినట్టు దింపావు. గుర్తుపట్టిందంటే మళ్ళీ మన గడప తొక్కదు!" అంటూనే అతని టై విప్పి, తిన్నగా కట్టింది థెల్మా.

క్లెమెంట్ మెల్లిగా తెర వెనక్కి జారుకున్నాడు.

నాటకంలో ముసలమ్మ పొరుగింటికి వెళ్ళి, వాళ్ళు కడిగి బోర్లించిన కప్పులన్నీ మళ్ళీ కడిగింది. పిడులన్నీ ఒకేవైపుకి తిప్పి పెట్టింది. హాలు ఘొల్లుమంది. థెల్మా ఓరగా చూసింది. ఎడిత్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

విరామంలో తల్లీకూతుళ్ళు టీ తెచ్చుకున్నారు.

"ఎంత బాగా రాశాడే! మనిషిని కళ్ళముందు నిలబెట్టాడు," అంది ఎడిత్.

"అలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారులే అమ్మా," అని థెల్మా మాట తప్పించి, ఒక గుక్క తాగి మొహం చిట్లించి, టీ పోసే పిల్లని పిలిచింది. "ఇదిగో అమ్మాయ్, పాలు తరవాత పోశావు కదూ? ముందు పాలు, ఆపైన టీ. వేరేది పట్రా."

ఎడిత్ మాత్రం తన టీ తాగేసింది.

రెండో అంకంలో, చావింట్లో కూడా పాలు తరవాత పోశారని ముసలమ్మ టీ వెనక్కి పంపింది. జనం నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయారు. అమ్మ ఇంకా గుర్తుపట్టలేదన్న సంతోషంలో థెల్మా అందరికంటే గట్టిగా నవ్వింది.

తెర పడింది. చప్పట్ల మధ్య ఎడిత్ కూతురి చెయ్యి పట్టుకుంది.

"నీకు కోపం రాలేదుటే?"

"నాకెందుకమ్మా కోపం?"

"ఎంత మంచి మనసే నీది! నీ సంగతులన్నీ అల్లుడికి పూసగుచ్చినట్టు చెప్పింది నేనే. నువ్వు గుర్తుపట్టకుండా వయసు కాస్త పెంచమన్నదీ నేనే!"