ఇసుక తూటాలు

వేడ్ తలుపు తట్టలేదు. బూటుకాలితో తోసుకుని లోపలికొచ్చాడు. జేబులోంచి కొసన గుండు ఊడదీసిన తూటా ఒకటి తీసి, ఆర్లో ముందున్న బల్లమీద బోర్లించాడు. అందులోంచి జర్రున ఇసుక రాలింది.

ఆర్లో తూటాలు బిగించే మిషనును గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ముసలాయన ఆ ఇసుక వంక చూశాడు, వేడ్ ముఖం వంక చూశాడు, మళ్లీ తుడవడంలో పడ్డాడు.

"ఏంటిది బాబాయ్?"

"ఇసుకలా ఉంది."

"వెటకారమా? మందు పోయాల్సిన చోట ఇసుక పోశావ్. అడుగున నిప్పు రాజేసే క్యాప్ కూడా చచ్చిందే పెట్టావ్. నువ్విచ్చిన ఐదుకి ఐదూ ఇంతే."

"పేల్చి చూశావా?"

"చూడ్డమేంటి, చావు మీదికొస్తేనూ. నిన్న పొద్దుగూకే వేళ, వాగుపక్కన. ఎలుగు. ఇదిగో, నాకూ ఆ పొయ్యికీ ఉన్నంత దూరం. ఐదూ నొక్కా. టిక్కు, టిక్కు, టిక్కు. ఒక్కటి పేలితే ఒట్టు."

మోంటానా కొండల్లో ఒకడు నింపిన తూటా ఇంకొకడు పేల్చడు. మందు చిటికెడు ఎక్కువైతే చాలు, తుపాకీ చేతిలోనే పగిలి వేళ్లు పట్టుకుపోతుంది. పెళ్లాం వండింది కళ్లు మూసుకుని తింటారుగానీ, సొంత బావమరిది నింపిన తూటాకైనా ఓ దండం పెట్టి పక్కకి జరిపేస్తారు. అలాంటిది వేడ్ చిన్నప్పటినుంచీ, తండ్రి స్నేహితుడైన ఈ ఆర్లో నింపినవి తప్ప వేరేవి ముట్టి ఎరగడు. ఆ చెయ్యే ఇసుక పోసిందంటే ఎవడికైనా కడుపు మండదూ?

"పోతూ పోతూ గొడ్లూ, పచ్చికా, ఇల్లూ అన్నీ అన్న పేర రాసి నాన్న నన్ను ముంచాడు," అన్నాడు వేడ్. "మా అన్న గ్రాంట్ సంగతి నీకు తెలిసిందేగా. ఇంట్లో ఓ గదుంది, ఉండరా అని ముష్టి పడేశాడు. మిగిలింది నువ్వొక్కడివే అనుకున్నా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. నువ్వూ అంతే."

ఆర్లో గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఎంతుంది ఎలుగు?"

"నా అంత ఎత్తు. లేచి నిలబడింది."

"ఐదు టిక్కులూ విని ఏం చేసింది?"

"వెళ్లిపోయింది."

"మీదికి రాకుండానే?"

"నా అదృష్టం."

"మర్యాద తెలిసిన ఎలుగే పాపం."

వేడ్ బల్లమీద అరచేత్తో కొట్టాడు. ఇసుక చెదిరింది. "నేను చస్తే నీకేం వచ్చేది బాబాయ్? ఆ ఒక్కమాట చెప్పు, వెళ్లిపోతా."

"తుపాకీ ఇలా ఇవ్వు."

వేడ్ నడుము దగ్గరున్న రివాల్వర్ తీసి ఇచ్చాడు. గొట్టం బొటనవేలంతే ఉంటుంది, చొక్కా కింద పెట్టుకుంటే కనపడదు. ఆర్లో దాన్ని విప్పి, లోపల ఏమీ లేదని చూసి, తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంత పొట్టి గొట్టంలో మాగ్నమ్ లాంటి పెద్ద తూటా పేలిస్తే మందు లోపల సగమే కాలుద్ది. మిగతాదంతా మూతి దగ్గర భగ్గుమంటది. తూటాలు కావాలని వచ్చినరోజు నన్నేం అడిగావో గుర్తుందా?"

"గట్టిగా కొట్టాలన్నా."

"ఇంకోటి కూడా అన్నావ్."

వేడ్ బల్లమీది ఇసుకని వేలితో కెలికాడు.

"మంట కనపడకూడదన్నావ్. తొరగా కాలిపోయే మందు వెయ్యి బాబాయ్, చీకట్లో ఎవరికీ మెరుపు కనపడకూడదన్నావ్. ఎలుగుల వేటగాళ్లని చూసీ చూసీ నా తల నెరిసిందిరా. మంట ఎంత పెద్దదైతే అంత మంచిది, జడుసుకుని పోద్ది అంటారు ఎవరైనా. చూసేవాళ్లకి జడిసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశా."

"నా కళ్లు బైర్లు కమ్ముతాయని..."

"అలాగే అనుకుందామని చూశా. మనసొప్పలేదు. నిజంగా ఎలుగే అయితే నీ బండిలో రైఫిలుంది, అది పట్టుకెళ్తావులే అనుకుని వీటిలో ఇసుక పోశా. నా అనుమానం తప్పని తేలితే నీ కాళ్లమీద పడదామనుకున్నా." ముసలాయన రెండు చేతులూ ముందుకు చాపాడు. "నేను ముంచానంటున్నావ్. ఈ చేతుల్తోనే నీకు గురి చూడ్డం నేర్పించాన్రా. ఆ పాపం ఈ చేతుల్తోనే చేయించబోయావ్. ఎవరికి చెప్పుకోను?"

"నీకు ముసలితనంతో మతి చెడింది," అన్నాడు వేడ్. "అది ఎలుగే. నాన్న మీద ఒట్టు."

వంటింటి తలుపు తెరుచుకుంది.

గ్రాంట్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కాఫీ కప్పు ఉంది, అందులో కాఫీ తాగినట్టు లేదు. బూట్లకి వాగు బురద ఎండిపోయి ఉంది. కోపంగా లేడు. రాత్రంతా ఏడ్చినవాడి ముఖంలా ఉంది.

వేడ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నడుము దగ్గర తడుముకున్నాడు. అక్కడేమీ లేదు.

"మొదటి టిక్కుకే ఓరకంట చూస్తే పొదలో ఉన్నది నువ్వని తెలిసిందిరా తమ్ముడూ," అన్నాడు గ్రాంట్. "అది పేలకపోయేసరికి నీకే బుద్ధొచ్చి ఆగుతావని, కదలకుండా అక్కడే నిలబడ్డా. ఐదూ నొక్కావు."