పాదం పరీక్ష

ఒంట్లో చక్కెరనూ నరాలనూ చర్మం కింద అమర్చిన గింజంత యంత్రమే చూసుకుంటున్న రోజులవి. షుగరు డాక్టరు హైమవతి దగ్గరికి ఎవరూ రావడం లేదు. అయినా ఆమె రోజూ గది తలుపు తీస్తూనే ఉంది. ఆ ఉదయం పాత పేషెంటు అప్పలకొండ వచ్చాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. చెప్పులు విడిచి, కాలు బల్ల మీద పెట్టాడు.

“యంత్రం అంతా బాగుందనే చెబుతోందిగా?”

“అది అంటాది డాట్రమ్మా. మీరోపాలి సూడండి.”

“కళ్లు మూసుకోండి. తగిలితే చెప్పండి.”

సన్నటి నైలాను పోగుతో ఆమె బొటనవేలిని తాకింది. అతను మాట్లాడలేదు. మడమను తాకింది. ఉలుకూ పలుకూ లేదు. ఆమె భయపడి, పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“తెలియడం లేదా?”

“బొటనేలు ముట్టినప్పుడే తెలిసిందమ్మా. సెప్పేస్తే సూడ్డం అయిపోద్ది గదా.”