ఇరవై నాలుగో ఎపిసోడ్

మరదల్ని ఓ రెండు గంటలు ఇంట్లోంచి ఎలా సాగనంపాలా అని కళ్ళజోళ్ళాయన శనివారమంతా ఆలోచించాడు. చివరికి, కొత్త అద్దాలు బిగించిన ఆమె కళ్ళజోడును కావాలనే తన షాపులో వదిలేసి వచ్చాడు.

"మర్చేపోయానమ్మా. ఇవిగో షాపు తాళాలు, నువ్వే వెళ్ళి తెచ్చుకో. నాకు నడుం పట్టేసింది" అన్నాడు ఆదివారం మధ్యాహ్నం.

ఆమె బస్సెక్కింది. భార్య ఆస్పత్రిలో డ్యూటీకి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన నడుం అప్పటికప్పుడే నయమైపోయింది.

మరదలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మిగిలిన టైమంతా వెబ్‌కామిక్‌లే, అంటే ఇంటర్నెట్‌లో విడతలుగా వచ్చే బొమ్మల కథలు. కొత్తది కంటబడితే మొదటి ఎపిసోడూ, పదోదీ, చివరిదీ చదువుతుంది. మూడూ నిలబడితేనే మిగతావి ముట్టుకుంటుంది. అలా ఏరిన అయిదింటిని 'చదవదగ్గవి' అని ప్రతి ఆదివారం సాయంత్రం తన బ్లాగులో పెడుతుంది. కథ బయటపెట్టదు, చదువుతుంటే తనకేమైందో మాత్రం రాస్తుంది. ముందు అభిప్రాయం రాసుకుని, కామిక్ పేరు ఆఖర్న చేరుస్తుంది. ఆమె మాట మీద వేలమంది కళ్ళు మూసుకుని చదివేస్తారు. సొంత డబ్బా కొట్టుకునేవాళ్ళని మాత్రం జన్మలో ఆ జాబితా దరిదాపులకు రానివ్వదు.

కళ్ళజోళ్ళాయన కష్టమంతా అక్కడే ఉంది. మారుపేరుతో ఆయన కూడా ఒక వెబ్‌కామిక్ గీస్తున్నాడు. పదేళ్ళుగా చినుకు పడని ఊళ్ళో గొడుగులు బాగుచేసే మనిషి కథ. గీస్తూ ఆయనే కళ్ళు తుడుచుకున్న సందర్భాలున్నాయి. ఇరవై మూడు ఎపిసోడ్లయినా ఫాలోవర్లు నలభై ఒక్కమందే, అందులో రెండు ఖాతాలు ఆయనవే. నెలాఖరుకి వందమంది లేకపోతే తీసేస్తామని సైట్‌వాళ్ళు చెప్పేశారు. ఇంకా నాలుగు రోజులుంది. చెప్పుకుందామంటే డబ్బా అంటుంది, ఊరుకుందామంటే రెండేళ్ళ కష్టం గంగపాలు.

మరదలి లాప్‌టాప్ తెరిచాడు. శుక్రవారమే రాసిపెట్టిన జాబితా సిద్ధంగా ఉంది. మొదటి నాలుగింటికీ పేర్లున్నాయి. అయిదోదానికి ఇంకా పెట్టలేదు.

ఆ అయిదోది చదివాడు. 'బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను. పక్కావిడ లేచి వేరే సీటులోకి మారిపోయింది. ఈ ఏడాది నేను చదివినవాటిలో ఇంత బాగున్నది ఇంకోటి లేదు. ఎవరో గానీ ఆ చేతికి దణ్ణం పెట్టాలి.'

ఆయనకి ఒళ్ళు మండింది. నవ్వించడం కూడా ఒక గొప్పేనా? ఏడిపించి చూడమనండి, తెలుస్తుంది. ఎవడో అదృష్టవంతుడు, ఈ వారం ఆగితే కొంప మునగదు. ఆ నాలుగు ముక్కలూ చెరిపేసి, ఆ చోట తన కామిక్ పేరు పెట్టి, 'గుండెల్ని పిండేసే విషాదం' అని మొదలుపెట్టి తీరుబడిగా రాశాడు. రాస్తూంటే మళ్ళీ కళ్ళు చెమర్చాయి. బటన్ నొక్కి జాబితాని లోకం మీదికి వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నకి ఫాలోవర్లు మూడొందలు దాటారు.

మధ్యాహ్నం మరదలు షాపుకొచ్చింది. ఆయన మిషను దగ్గర అద్దం అంచు అరగదీస్తున్నాడు.

"నా జాబితాలో దొంగ పడ్డాడు బావా. రాత్రే చూశాను, ఎవరో తేలాక సవరణ వేద్దామని ఆగాను."

"అయ్యయ్యో! ఎవడమ్మా వాడు?"

"తెలివైనవాడేం కాదులే. ఇరవై నాలుగో ఎపిసోడ్‌లో ముసలావిడ గొడుగు తిరిగిచ్చే చోట వెక్కివెక్కి ఏడ్చానని రాశాడు. సైట్‌లో ఉన్నవి ఇరవై మూడే."

ఆయన చేతిలో అద్దం పుటుక్కున విరిగింది.

"ఇంకా బయటికి రాని ఎపిసోడ్ చూసి ఏడవాలంటే దాన్ని గీసినవాడే అయ్యుండాలి. నిన్న ఇంట్లో ఉన్నది నడుం పట్టేసినాయన ఒక్కడే."

ఇంక బుకాయించి లాభంలేదని ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నలభై ఒక్కమంది సంగతీ, నెలాఖరు సంగతీ చెప్పుకున్నాడు. "నా వల్ల నీ పేరు పోకూడదమ్మా. ఏం చేసినా పడతాను" అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

మరదలికి జాలేసింది. కానీ మూడేళ్ళుగా తన మాట నమ్మి చదువుతున్నవాళ్ళకి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు.

"సాయంత్రం సవరణ వేస్తాను. అది చూసి సైట్‌వాళ్ళు నీ కొత్త ఫాలోవర్లని లెక్కలోంచి తీసేస్తారు. పైగా నువ్వు కొట్టుకుంది మామూలు డబ్బా కాదు. ఇంక నా జాబితాలో నీకు చోటుండదు, ఏమీ అనుకోకు."

"అనుకోనులే. చేసుకున్నదానికి అనుభవించాలి" అని ఆయన తల వంచుకున్నాడు. అంతలో ఇంకో మాట గుర్తొచ్చింది. "అన్నట్టు, నేను చెరిపేసిన ఆ అయిదో అతనికి పాపం అన్యాయం జరిగింది కదమ్మా. బస్సులో అంత నవ్వించాడట. అతనెవరో చెబితే క్షమాపణ అడుగుతాను."

మరదలు నవ్వాపుకోలేక అద్దాల బల్ల పట్టుకుంది.

"అదిగో, ఆ అద్దంలో చూసి అడిగేసుకో బావా. నన్ను బస్సులో అంత నవ్వించింది నీ గొడుగులాయనే."