గుర్రానికి గుగ్గిళ్ళు

నూకాలు గిన్నెడు ఉలవ గుగ్గిళ్ళు పట్టుకుని కొండెక్కింది. నిన్న సముద్రం పాలు కావలసిన ఆమె మొగుడు ఎల్లాజీ, కర్ర ఊతంతో వెనకే వస్తున్నాడు.

తీరమంతా ఎగిరే తెల్ల యంత్రాలు కాపలా కాసే కాలమది. పడవ మునిగితే చాలు, వచ్చి మనుషుల్ని పైకి లాగి ఒడ్డుకు చేరుస్తాయి. జాలర్లు వాటిని గుర్రాలనే అంటారు. అందుకు కారణం కొండ మీద బౌద్ధుల నాడు చెక్కిన రాతిపలక. అందులో ఓడ పగిలిన వర్తకుల్ని ఒక గుర్రం ఆకాశంలో సముద్రం దాటిస్తూ ఉంటుంది. తోకా జూలూ పట్టుకుని వేలాడేవాళ్ళలో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు, చూసి కిందికి పడిపోతున్నాడు. గుర్రం అందుకున్నాక వెనక్కి చూడొద్దని వేటకెళ్ళే ప్రతివాడికీ చిన్నప్పుడే ఈ పలక చూపించి చెబుతారు.

పలక పక్కనే, నిన్న ఎల్లాజీని మోసుకొచ్చిన యంత్రం ఎండలో రెక్కలు పరుచుకుని ఉంది. నూకాలు దాని ముక్కుకు పసుపు రాసి, బొట్టుపెట్టి, ముందు గుగ్గిళ్ళు పోసింది.

“అది తినదే,” అని నవ్వాడు ఎల్లాజీ.

“తినకపోతే మానీ. పెట్టడం నా పని. నువ్వు ఎనక్కి సూడనేదు గదా, మావా?”

అతను తల దించుకున్నాడు. “సూసినానే. నీ పేరెట్టిన పడవ మునిగిపోతంటే సూడకుండా ఎలాగుంటాను?”

నూకాలు రాతిలో పడిపోతున్న మనిషి వంక చూసింది. మొగుడి వంక చూసింది. గిన్నె అడుగున మిగిలినవన్నీ యంత్రం ముందు దులిపేసి, దాని రెక్క నిమురుతూ అంది:

“సూసినోణ్ణి కూడా ఒగ్గెయ్యనేదు, తల్లీ.”