ధనంజయ వార్త విన్నప్పుడు

పెరుగు గిన్నె మీద మూత పెట్టనిది ఎవరన్నది గొడవ.

"నేను పెట్టినాను," అన్నాడు కృష్ణమూర్తి.

"పెట్టుంటే పిల్లి మూతి యాడ దూర్చింది?" అంది యశోదమ్మ.

"ఆ మాట పిల్లినే అడుగు."

మామూలుగా అయితే అంతటితో అయిపోయేది. పక్కింటి నుంచి కాస్త పెరుగు తెచ్చుకుని భోజనాలకు కూర్చునేవారు. కానీ పోయిన వారం ఆయన గ్యాసు కట్టెయ్యడం మరిచాడు. అంతకు ముందు స్కూటరు తాళం స్కూటరుకే వదిలేసి లోపలికొచ్చాడు. ఈసారి కొడుకు హరినాథ్ పిల్లిని తిట్టలేదు. తండ్రి వైపు అదోలా చూశాడు. ఆ చూపు యశోదమ్మకు నచ్చలేదు.

వాళ్ళుండేది తిరుపతిలో. మామిడి తోట వడమాలపేట దగ్గర. రోజూ తెల్లవారగానే కృష్ణమూర్తి స్కూటరు మీద తోటకు పోతాడు, భోజనం వేళకు తిరిగొస్తాడు. డెబ్బై దాటినా అది తప్పలేదు. స్కూటరు లేకపోతే తోట లేదు. తోట లేకపోతే ఆయన ఏమైపోతాడో యశోదమ్మ ఆలోచించదలుచుకోలేదు.

హరినాథ్ ఆమెను వంటింట్లోకి పిలిచాడు. కోడలు ఐశ్వర్య అప్పటికే అక్కడుంది.

"అది మద్రాసు రోడ్డమ్మా. లారీలు ఆగకుండా పోతాంటాయి. నడిమధ్యలో యాడికి పోతాండానో మరిచిపోతే?"

"మూత మరిచినోళ్ళంతా దారి మరిచిపోతారా?"

"తెలిసిన డాక్టర్ని అడిగినాను. చిల్లర సంగతులు ఎవరైనా మరుస్తారంట. మనసుకు తగిలిన సంగతి మరిస్తేనే భయపడాలంట. అట్లాంటిది ఒకటి అడిగి చూడమన్నాడు."

ఏమడగాలో ఐశ్వర్యకు వెంటనే తట్టింది. "నాదస్వరం ధనంజయ సంగతి అడగండి."

ఎవరూ కాదనలేదు. కృష్ణమూర్తి పెళ్ళిలో వాయించింది ధనంజయే. అప్పటికి ధనంజయకు మీసాలు కూడా సరిగా రాలేదు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కేకలేస్తున్నా, రాగం పూర్తయ్యేదాకా పెళ్ళికొడుకు తాళి అందుకోలేదు. ఆ తర్వాత ధనంజయ ఎక్కడ వాయిస్తే అక్కడికి పోయాడు. బస్సు దొరక్కపోతే టమేటాల లారీ ఎక్కి పోయాడు. ధనంజయ జబ్బుపడి, కచేరీలు మానేసి, మద్రాసులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయేదాకా అలాగే సాగింది. ఈయన మరిచిపోకూడని సంగతి ఏదైనా ఉంటే అదే.

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. పప్పు వడ్డించాక హరినాథ్ మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"నాయనా, ధనంజయ పోయినాడని వార్త వచ్చినప్పుడు నువ్వు యాడున్నావు?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. "పోయినాడా?"

ఐశ్వర్య అత్త వైపు చూసింది.

"ఎప్పుడు?" అన్నాడు కృష్ణమూర్తి.

"మూడేళ్ళయింది మామా," అంది ఐశ్వర్య మెల్లగా.

కృష్ణమూర్తి మళ్ళీ పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు. కంట తడి లేదు. అది చూసి యశోదమ్మకే కళ్ళు చెమ్మగిల్లాయి.

"నేను పలమనేర్లో ఉండాను," అని హరినాథ్ సాయం పట్టబోయాడు. "డెయిరీ పని మీద పోయినా. టీ అంగట్లో ఒకరి తర్వాత ఒకరికి ఫోను మోగింది. అంగడాయన పొయ్యి కట్టేసినాడు. ఆ పొద్దు ఎవరం టీ తాగలేదు. నీ ఫోనుకు రాలేదా?"

"నా ఫోనుకు ఏమొస్తాదబ్బా, బ్యాంకోళ్ళు తప్ప."

"నేను ఈడనే ఉండాను మామా. దోసెల పిండి రుబ్బతా ఉంటే గ్రూపులో వచ్చింది. చెయ్యి కడగకుండానే స్టేటస్ పెట్టినా. ఫోనంతా పిండే."

"అయ్యో," అన్నాడు కృష్ణమూర్తి.

యశోదమ్మ చివరి ఆశతో అందుకుంది. "నేను నగరిలో చీరల అంగట్లో ఉండాను. అంగడాయన ఫోన్లో చదివి చెప్పినాడు. బేరం ఆపి అందరం లేచి నిలబడినాం."

"ఎంతసేపు నిలబడినారు?"

"నిమిషం."

"చీర తీసుకున్నావా?"

"రెండు," అంది యశోదమ్మ. "ఇంటికొచ్చి మీకే చెప్పినా కదా. ఆ రాత్రి మీరు అన్నం ముట్టలేదు."

"ముట్టలేదా?"

"మజ్జిగ తాగి గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు బాగా గుర్తుండాది."

కృష్ణమూర్తి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి, చారు పోయమన్నట్టు పళ్ళెం జరిపాడు.

హరినాథ్ భార్య వైపు చూశాడు. ఐశ్వర్య తలొంచుకుంది. యశోదమ్మ చారు పోసింది. పొయ్యాక గరిటె ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

"నాయనా, రేపటి నుంచి నువ్వు బండి తియ్యద్దు," అన్నాడు హరినాథ్. "తోటకు మనిషిని పెడతాను. నీ మంచికే."

ఈ మాటకు అడ్డుపడతానని యశోదమ్మ ఇందాకటిదాకా అనుకుంటూనే ఉంది. అడ్డుపడలేదు. పక్కింటి పెరుగు తెచ్చి, మిగతావాళ్ళకంటే ఒక గరిటె ఎక్కువ ఆయనకే వేసింది.

అన్నం నోట్లో ఉండగా మాట్లాడే అలవాటు కృష్ణమూర్తికి లేదు. పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"సరే, బండి ఇంట్లోనే ఉండనీ, ఆదివారం మాత్రం అందరం కారులో పోదాం," అని చెప్పి, ఒళ్ళు కుదుటపడి మళ్ళీ కచేరీలు మొదలుపెట్టిన ధనంజయ నిన్న మద్రాసు నుంచి వస్తూ తోట దగ్గర ఆగి తన చేత్తో ఇచ్చిపోయిన నాలుగు పాసులను చొక్కా జేబులోంచి తీసి, తలా ఒకటి పంచాడు.