తాగుడు మాన్పించే రాయి

“ఈ ఉంగరం వాపస్ తీసుకోప్పా,” అంటూ యమున దాన్ని అద్దాల బల్ల మీద పెట్టింది. వెండిలో పొదిగిన ఊదారంగు రాయి.

దినేష్ దాన్ని తాకనైనా తాకలేదు. మదనపల్లె బస్టాండు ఎదురుగా ఈ రంగురాళ్ల అంగడి పెట్టి ఆరేళ్లయింది. ఏ రాయీ ఎవరి రాతా మార్చదని అతనికి తెలుసు. అందుకే కొనేవాళ్లను చూస్తే లోపల్లోపల నవ్వుకుంటాడు. తంబళ్లపల్లె బస్సు దిగి దుమ్ముకాళ్లతో వచ్చి, మొగుడి తాగుడు మాన్పించే రాయి అడిగే ఇలాంటివాళ్లంటే మరీ చులకన.

“వాడిన సరుకు వాపస్ లేదమ్మా. గాజుపెంకు అనుకుంటాండావా? ఇట్ల సూడు.” ఉంగరం తీసి బల్ల అంచున రాయితో గట్టిగా గీశాడు. అద్దం మీద తెల్లగా గీత పడింది. “గాజైతే గాజును గీకుతాదా? ఇది అమెథిస్ట్. అసలు సరుకు.”

“దొంగరాయని నేను అన్లేదు గదప్పా.”

“మరి ఎండలో పెట్టినావా? ఎండకు దీని రంగు ఎలిసిపోతాది. నిప్పుల్లో పడితే పసుప్పచ్చగా తిరుగుతాది. ఇవన్నీ మీకేం తెలుస్తాయిలే.”

“యాడా పెట్టలేదు. ఆయప్ప వేలికే ఉండె. పొద్దున నిద్రలో ఉండంగా తీసుకోనొచ్చినా.”

దినేష్ పెదవి విరిచాడు. పక్కన హారాలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లకు వినబడేలా గొంతు పెంచాడు.

“శుక్రవారం పాలల్లో కడిగి తొడగమంటి గదా, కడగకుండానే తగిలించింటావు. రాయేమన్నా లేసి పొయ్యి నీ మొగుని చేతిలో సీసా లాక్కుంటాదా?”

ఆ ఇద్దరూ కిసుక్కున నవ్వారు. యమున మాత్రం తల దించుకోలేదు.

“కడిగే తొడిగినా. ఆ దినం నుంచి ఆయప్ప చుక్క ముట్టలేదు. నెల దాటింది.”

దినేష్‌కు ఆరేళ్లలో ఈ మాట చెప్పిన మనిషి లేదు. నవ్విన ఇద్దరిలో ఒకామె హారం పక్కన పెట్టేసి, “అట్లాంటిదే నాకూ ఒకటి తీయప్పా,” అంది మెల్లగా. అతని మొహం వెలిగిపోయింది.

“విన్నారు గదా,” అని ఆమెతో అని, యమున వైపు తిరిగాడు. “మరి ఇంత బాగా పనిచేసే రాయిని యాల వాపస్ ఇస్తాండావు? మతి ఉండాదా నీకు?”

యమున ఉంగరాన్ని అతని వైపుకు ఇంకాస్త జరిపింది.

“తాగినప్పుడు చెయ్యి తూలేదప్పా. నాలుగు దెబ్బల్లో మూడు గోడకే తగిలేవి. ఇప్పుడు ఒక్కటీ తప్పడం లేదు.”