రెండో వైపు

“మీరెక్కితేనే నేనెక్కుతా,” అంటూ సంగీతం టీచరమ్మ విమానం మెట్లకి అడ్డంగా నిలబడింది. ఆవిడ వెనకాల ప్రయాణికులంతా ఆగిపోయారు.

సాగనంపడానికొచ్చిన విమానం ఓనరు ఒకడుగు వెనక్కేశాడు. పాటల రికార్డుల కొట్టుతో మొదలెట్టి, హోటళ్లూ బస్సులూ దాటుకుని ఇవాళ మొదటి విమానం దాకా వచ్చాడే గానీ, స్టూలెక్కినా కళ్లు తిరిగే మనిషి. ఆ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ తెలీదు.

“నాకు ఆఫీసులో పనుందమ్మా.”

“మీ కొట్లో మీరు పూర్తిగా వినని రికార్డు ఎవరికీ అమ్మేవారు కాదు. ఆ నమ్మకంతోనే టిక్కెట్టు కొన్నాను. మరి దీన్ని వినకుండానే అమ్మేశారా?”

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు పెట్టెలు వెనక్కి తిప్పారు.

“పల్లవి బాగానే ఎత్తుకున్నావు అన్నయ్యా, చరణమే కదలట్లేదు,” అంది పక్కనే ఉన్న చెల్లెలు మెల్లగా.

ఆయన నవ్వలేక నవ్వి, మెట్టెక్కాడు. ఆ వెనకే అందరూ ఎక్కారు.

గంట తర్వాత అవతలి ఊళ్లో దిగి, చెమట తుడుచుకుంటూ, “బాగానే ఉంది. ఇంటికి మాత్రం రైల్లో పోతా,” అన్నాడు.

“అదేంటండీ? రికార్డు రెండో వైపు కూడా వినేవారుగా,” అంది టీచరమ్మ.

ఆయన మళ్లీ విమానం కేసి తిరిగాడు.

“సరే, ఈసారి కళ్లు తెరిచి వింటా.”